తెగేదాకా లాగకండి!

“నడుస్తోంది కదా సార్, ఇప్పుడెందుకు మార్చడం?”

సర్వీస్ కౌంటర్ ముందు నిలబడి ఈ మాట మీరూ ఎప్పుడో అనే ఉంటారు. ఈరోజుతో దీన్ని మానేస్తున్నారు. అవును, మానేస్తున్నారు.

తెల్లవారుజామున లేవమని, డైరీ రాయమని, ధ్యానం చేయమని మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. చేయండి, మంచిదే. నేను మాత్రం కారు బానెట్ ఎత్తమంటున్నాను. క్రమశిక్షణకు అసలు పరీక్ష అక్కడుంది. చెడిపోయినదాన్ని ఎవరైనా మారుస్తారు, గతిలేక. చూడ్డానికి బాగున్నదాన్ని, పని చేస్తున్నదాన్ని, గడువు వచ్చిందన్న ఒక్క కారణంతో తీసి పక్కన పెట్టగలరా? ఇంజన్ డ్రైవ్ బెల్టూ, దాని టెన్షనరూ మిమ్మల్ని అడిగేది ఇదే.

పెట్టగలరు. ఎలాగో చూద్దాం.

ముందు మీ బండిని తెలుసుకోండి

ఇంజన్‌కి ఒక పక్కన పుల్లీల మీదుగా మెలికలు తిరుగుతూ పోయే నల్లటి బెల్ట్ కనిపిస్తుంది. అదే డ్రైవ్ బెల్ట్. షెడ్‌లో ఇప్పటికీ దాన్ని ఫ్యాన్ బెల్ట్ అనే అంటారు, చాలా కార్లలో ఇప్పుడు ఫ్యాన్ తిరిగేది కరెంటు మీదే అయినా. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ దానితోనే తిరుగుతాయి. చాలా ఇంజన్లలో వాటర్ పంప్ కూడా. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంటే దాని పంపూ అంతే. మారుతీ స్మార్ట్ హైబ్రిడ్ కార్లలోనైతే, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ని మళ్లీ లేపే మోటారు కూడా ఈ బెల్ట్‌తోనే పని చేస్తుంది.

ఇంత బరువు మోసే వస్తువు గురించి మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు? ఏమీ తెలియకపోయినా పర్వాలేదు. ఈరోజు మొదలుపెట్టారు.

రెండోది టైమింగ్ బెల్ట్. ఇది బయటికి కనిపించదు, కవర్ లోపల ఉంటుంది. కింద పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్‌షాఫ్ట్, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్, రెండూ ఒకే లెక్కలో తిరిగేలా పట్టి ఉంచేది ఇదే. 1962లో జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 మోడల్‌లో రబ్బరు టైమింగ్ బెల్ట్ పెట్టింది. చైన్ కంటే చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

అన్ని కార్లకూ టైమింగ్ బెల్ట్ ఉండదు. పాత మారుతీ 800కి బెల్ట్. తర్వాత వచ్చిన మారుతీ కె-సిరీస్ ఇంజన్లకు చైన్. శాంత్రో జింగ్‌కి బెల్ట్. డస్టర్ డీజిల్‌కి బెల్ట్. మన ట్యాక్సీ స్టాండుల్ని ఏలిన పాత ఇన్నోవా డీజిల్‌కి బెల్ట్, క్రిస్టా డీజిల్‌కి చైన్. ఆ పాత ఇన్నోవాలో గడువు రాగానే డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని ప్రత్యేకంగా ఒక లైటే వెలుగుతుంది. బెల్ట్ మార్చకుండా ఆ లైటును మాత్రం ఆర్పించుకునే ఓనర్లు ఉన్నారు. మీరు ఆ జాబితాలో ఉండరు.

తెగితే ఏమవుతుంది?

భయపెట్టడానికి కాదు, లెక్క తెలియడానికి చెబుతున్నాను.

డ్రైవ్ బెల్ట్ తెగగానే ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది. మీరు “బ్యాటరీ వీకైనట్టుంది, ఊరికెళ్లాక చూద్దాం” అనుకుంటారు. ప్రమాదమంతా ఆ ఆలోచనలోనే ఉంది. హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే బిగుసుకుంటుంది. ఏసీ గాలి వేడెక్కుతుంది. వాటర్ పంప్ కూడా ఆ బెల్ట్ మీదే ఉంటే కాసేపట్లో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. అప్పటికీ ఆపకపోతే హెడ్ గాస్కెట్ పోతుంది. హెడ్ దించాల్సి వస్తుంది. కొన్ని వందల రూపాయల బెల్ట్ దగ్గర మొదలైన కథ వేలల్లోకి వెళ్తుంది.

ఇది కూకట్‌పల్లిలో జరిగితే ఏదో ఒక షెడ్ దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాక నల్లమలలో జరిగితే? ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. పిల్లలు వెనక సీట్లో, పెద్దవాళ్లు ముందు సీట్లో. ఆ రాత్రి ఖర్చు ఏ బిల్లులోనూ రాదు.

టైమింగ్ బెల్ట్ సంగతి ఇంకా కఠినం. చాలా ఇంజన్లలో పిస్టన్, వాల్వు ఒకే చోటికి వేర్వేరు క్షణాల్లో వచ్చి పోతుంటాయి. ఆ వేళల్ని కాపాడేది బెల్ట్. అది తెగిన క్షణంలో క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్ ఆగదు. తెరిచి ఉన్న వాల్వుల్ని వచ్చి గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ కూడా పోతుంది. ముందుగా హెచ్చరిక ఉండదు. కీచుమనదు, వాసన రాదు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా? మామూలు మోటారు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కీ, అరుగుదలకీ వర్తించదు. బిల్లు మీదే.

మీ కళ్లను నమ్మకండి

“చూశాను, పగుళ్లేం లేవు.” చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

పాతకాలం నియోప్రీన్ బెల్టులు పగుళ్లిచ్చేవి. చూస్తే తెలిసిపోయేది. ఇప్పటి డ్రైవ్ బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేసినవి. ఇవి అంత తేలిగ్గా పగలవు, అరుగుతాయి. లోపలి గాళ్లు కొద్దికొద్దిగా వెడల్పవుతాయి, బెల్ట్ పుల్లీలో లోతుకు కూర్చుంటుంది, పట్టు జారుతుంది. పైకి మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ, కొత్తదానిలాగే ఉంటుంది. దాని అరుగుదల కొలవడానికి చిన్న గేజ్ ఉంటుంది. మీ మెకానిక్ దగ్గర ఉందేమో అడగండి. లేకపోతే కిలోమీటర్ల లెక్కనే నమ్మండి.

ఏళ్ల లెక్క కూడా ఉంది. దీన్ని అమెరికాలో ఉండి గుంటూరులో అమ్మానాన్నల కోసం కారు కొన్న అబ్బాయిలూ అమ్మాయిలూ ప్రత్యేకంగా వినాలి. “నాన్నగారి కారు తొమ్మిదేళ్లలో ఇరవై వేలు కూడా తిరగలేదు, బెల్ట్ ఎందుకు?” అంటారు. రబ్బరు తిరిగితేనే కాదు, వేడికీ వయసుకీ కూడా ముసలిదవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. మాన్యువల్‌లో “ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది” అని ఉంటుంది. ఆ రెండో సగం కూడా చదవండి.

టెన్షనర్‌ని మరిచిపోయారు కదూ?

బెల్ట్ బిగువుగా ఉండాలి. ఎంత బిగువు, ఎప్పుడు బిగువు అన్నది చూసుకునేది టెన్షనర్. లోపల బలమైన స్ప్రింగు, చివర బేరింగు మీద తిరిగే చిన్న పుల్లీ. ఏసీ ఆన్ అయినా, లోడు మారినా, బెల్ట్ జారకుండా కుదుపు తీసుకుంటుంది. మీరు తిప్పిన ప్రతి కిలోమీటరూ అదీ తిరిగింది. దాని స్ప్రింగు అలిసిపోతుంది, బేరింగులో గ్రీజు ఎండిపోతుంది.

అలాంటప్పుడు బెల్ట్ ఒక్కటీ మార్చి ఇంటికి రావడం, పాత గిలక మీద కొత్త చేంతాడు వేయడమే. కొత్త బెల్ట్ కూడా త్వరగా పోతుంది. అప్పుడు మీరు బెల్ట్ కంపెనీని తిడతారు.

బెల్ట్ విప్పినప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. సిగ్గుపడకండి. ఇవి అడగండి:

- టెన్షనర్ పుల్లీని, బెల్ట్‌కి దారి చూపే పుల్లీ అయిన ఐడ్లర్‌ని చేత్తో తిప్పి చూపించమనండి. గరగరమంటే మార్చాలి.
- చుట్టూ తుప్పు రంగు పొడి రాలిందా?
- బెల్ట్ ఉన్నప్పుడు ఇంజన్ ఐడిలింగ్‌లో టెన్షనర్ చెయ్యి కొద్దిగా కదలడం మామూలే. దడదడలాడితే దాని పని అయిపోయింది.
- పైనుంచి ఇంజన్ ఆయిల్ గానీ కూలెంట్ గానీ బెల్ట్ మీద కారుతోందా? ఈపీడీఎంకి ఆయిల్ పడదు. లీకు ఆపకుండా బెల్ట్ మార్చడం దండగ.

టైమింగ్ బెల్ట్ అయితే ఇంకో మాట. చాలా కార్లలో ఇంజన్ మౌంట్ విప్పి, కవర్లు తీసి, అంత లోపలికి వెళ్లాలి. ఖర్చులో పెద్ద వాటా లేబర్‌దే. కాబట్టి బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ అన్నీ కలిపి కిట్‌గా మార్చేయండి. వాటర్ పంప్ కూడా ఆ బెల్ట్ మీదే తిరిగేదైతే దాన్నీ అప్పుడే. ఆర్నెల్ల తర్వాత పంప్ లీకైతే ఆ లేబరంతా మళ్లీ కట్టాలి.

పొద్దున్నే రెండు నిమిషాలు

ఇది మీ కొత్త అలవాటు. రోజూ అక్కర్లేదు, వారానికోసారి చాలు. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేయండి. మ్యూజిక్ వద్దు, ఫోన్ వద్దు. వినండి.

కీచుమని సాగదీస్తే బెల్ట్ జారుతోంది. కిచకిచమని పిట్టలా తెంపు తెంపుగా అంటుంటే పుల్లీలు ఒకే వరసలో లేవేమో. గరగరమంటే ఏదో ఒక బేరింగు.

అనుమానం తీరాలంటే మెకానిక్ చేత ఒక చిన్న పరీక్ష చేయించండి. తిరుగుతున్న బెల్ట్ గాళ్ల మీద కాసిన్ని నీళ్లు స్ప్రే చేస్తారు. మోత ఇంకా పెరిగితే బిగువు సమస్య. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే వరస సమస్య. తిరిగే బెల్ట్ దగ్గరికి చున్నీ, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు వెళ్లకూడదు. ఇందులో రాజీ లేదు.

మోత ఆగడానికి బెల్ట్ మీద ఏదో స్ప్రే కొడతానంటే వద్దనండి. మోత ఆగుతుంది, కారణం అక్కడే ఉంటుంది. పైగా ఆ జిగురుకు దుమ్ము పడుతుంది.

ఈ ఆదివారం చేయాల్సింది

ఒకటి, మాన్యువల్ తీయండి. డ్రైవ్ బెల్ట్ గడువు, టైమింగ్ బెల్ట్ ఉంటే దాని గడువు చూడండి. బండిని బట్టి చాలా తేడా ఉంటుంది. టైమింగ్ బెల్ట్ ఒక బండికి 60 వేల కిలోమీటర్లయితే ఇంకో బండికి లక్ష దాటొచ్చు. పక్కింటాయన లెక్క మీకు పనికిరాదు.

రెండు, ఆ అంకెను ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి. గడువుకు నెల ముందు మోగేలా.

మూడు, మార్చిన రోజున తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ బానెట్ కింద అంటించండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? స్టిక్కరూ లేదు, బిల్లూ లేదు అంటే టైమింగ్ బెల్ట్ మారలేదనే లెక్క. “మార్పించాను అన్నా” అన్న మాట బిల్లు కాదు.

నాలుగు, పార్ట్ నంబర్ అడగండి. బెల్ట్ వీపు మీద 6 పీకే 1660 లాంటి అంకె ఉంటుంది. గాళ్ల మధ్య ఆరు గట్లు, 1660 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. “దగ్గర్లోదే, సరిపోతుంది” అంటే ఒప్పుకోకండి. పొడవు మారితే టెన్షనర్ తను పని చేయాల్సిన హద్దులు దాటిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, రాణిగంజ్‌లో కొన్నా ప్యాకెట్టు మీద నంబర్ సరిచూసి, బిల్లు తీసుకునే బయటికి రండి.

స్కూటర్ వాళ్లు నవ్వుతున్నారా? మీ గేర్‌లెస్ స్కూటర్‌కీ బెల్ట్ ఉంది, ఎడమ పక్క కేసింగ్ లోపల. తెగితే ఇంజన్ అరుస్తుంది, చక్రం తిరగదు. దాని గడువు కార్ల కంటే చాలా తక్కువ. మీరూ మాన్యువల్ తీయండి.

లెక్కతో మార్చండి, భయంతో కాదు

ఇదంతా చదివి రేపే పరిగెత్తి అన్నీ మార్పించేయకండి. అదీ క్రమశిక్షణ కాదు. 25 వేల కిలోమీటర్లకే టైమింగ్ బెల్ట్ మార్చాలని ఎవరైనా అంటే, “మాన్యువల్‌లో ఎక్కడుందో చూపించండి” అని అడగండి. చైన్ ఉన్న ఇంజన్‌కి బెల్ట్ కిట్ కోట్ చేసేవాళ్లూ తగులుతారు. చైన్ ఉన్నవాళ్లు చేయాల్సింది ఇంజన్ ఆయిల్ వేళకు మార్చడం, లేకపోతే చైన్ కూడా సాగుతుంది. గొంతు పెంచక్కర్లేదు. అంకె తెలిసిన కస్టమర్‌తో కౌంటర్ వాళ్లు మాట్లాడే తీరే వేరు.

గడువు వచ్చినప్పుడు మాత్రం వాయిదా లేదు. “సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక” అనకండి. పంతంగి టోల్‌గేట్ క్యూలో, ఏసీ ఆన్ చేసి గంటలు గంటలు పాకేటప్పుడే ఆ బెల్ట్ మీద బరువు. వెళ్లేముందే మార్చండి.

ఇవన్నీ చేశాక కూడా దారిలో తెగిందనుకోండి, కొత్త వస్తువులూ పోతాయి. బ్యాటరీ లైటు, టెంపరేచర్ రెండూ కలిసి కనిపిస్తే ఎడమ పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. బండి నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయి, టైమింగ్ బెల్ట్ మీద అనుమానం ఉంటే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. చుట్టూ చేరిన నలుగురూ మంచి మనసుతో “తోద్దాం, స్టార్ట్ అవుతుంది” అంటారు. దండం పెట్టి వద్దనండి. టో బండికి ఫోన్ చేయండి.