పేలికలకు పునర్జన్మము

వస్త్రము మానవుని మానమును కాపాడును; చలినుండియు, ఎండనుండియు రక్షించును. అట్టి వస్త్రము చినిగి, వెలిసి, కట్టుటకు పనికిరానిదైనప్పుడు దాని గతి యేమి? మన యిండ్లలో అవ్వలు పాతచీరలను, పంచెలను పొరలుపొరలుగా పఱచి బొంతలు కుట్టుదురు. మిగిలినవానిని ముంగిటికి వచ్చు గిన్నెల వర్తకునికిచ్చి స్టీలుపాత్రను పుచ్చుకొందురు. ఒక యింటి పాతబట్టలకు ఈ యుపాయము చాలును. కాని ప్రపంచమున కోట్లకొలది జనులు విడిచిన బట్టలకు యంత్రములును, కర్మాగారములును కావలసియున్నవి.

ఈ పరిశ్రమకు పుట్టినిల్లు ఇంగ్లండు దేశమందలి యార్కుషైరు సీమ. అచ్చట బాట్లీ యను ఊరిలో బెంజమిన్ లా అను వర్తకుడు ఉండెను. నెపోలియనుతో యుద్ధములు జరుగుచున్న ఆ దినములలో ఉన్నికి కఱవేర్పడెను. 1813లో అతడు పాత ఉన్నిబట్టలను చీల్చి మరల పోగులుగా జేసి, కొంత కొత్త ఉన్నిని కలిపి నూలు వడికించెను. ఆ సరకునకు 'షాడీ' యని పేరు వచ్చెను. బాట్లీ, డ్యూస్‌బరీ పట్టణములు ఈ వ్యాపారముచే వృద్ధిపొందెను.

అయితే ఆ పేరునకు పిమ్మట అపకీర్తి కలిగెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలైనప్పుడు కొందఱు గుత్తదారులు నాసిరకపు షాడీగుడ్డతో సైనికులకు దుస్తులు కుట్టించి యిచ్చిరి. అవి కొలది దినములలోనే పిగిలిపోయెను. నాటినుండి ఆంగ్లమున 'షాడీ' యనగా నాసియైనది అను అర్థము స్థిరపడెను. దోషము పాత ఉన్నిది కాదు. దానికి తగని పనిని దానిచే చేయింపజూచిన లోభిది.

నేడు ఈ పరిశ్రమకు పేరెన్నికగన్న స్థలము మన దేశముననే కలదు. 1526, 1556, 1761 సంవత్సరములలో జరిగిన మూడు యుద్ధములవలన మీరెఱిగిన పానిపట్టే అది. హర్యానా రాష్ట్రమందలి ఆ నగరమునకు విదేశములనుండి పాతబట్టలు ఓడలలో దిగుమతియై వచ్చును. చింపుటకై వచ్చు బట్టలను తిరిగి తొడుగుటకు వీలులేకుండ ముందే కోసియుంచవలెనని నియమము కలదు.

కర్మాగారమున మొదటిపని ఏరుట. ఉన్ని యొకవైపు, నూలు యొకవైపు. మరల ఎఱుపు, నీలము, నలుపు అని రంగుల వారీగా కుప్పలు వేయుదురు. స్త్రీలు మన కత్తిపీటవంటి నిలువు కత్తుల ముందు కూర్చుండి గుండీలను, జిప్పులను, లోపలి అస్తరులను కోసివేయుదురు. పిమ్మట ఆ ముక్కలను ఉక్కుముండ్లుగల పెద్దచక్రముల క్రింద చీల్చుదురు. బట్ట తిరిగి దూదివలె విడిపోవును. దానిని ఏకి, వడికి, కంబళ్ళు నేయుదురు. రంగుల వారీగా ఏరియుండుటచేత మరల అద్దకము వేయనక్కఱలేదు. నీరును, రంగును మిగులును. భూకంపములు, వఱదలు సంభవించినపుడు నిరాశ్రయులకు పంచిన కంబళ్ళలో ఇట్టివి అనేకములు కలవు.

ఇందు చిక్కులును లేకపోలేదు. చీల్చినకొలది పోగు పొట్టిదగును. పొట్టిపోగుల నూలునకు బలము తక్కువ. కావున కొత్తపోగును కలుపవలసివచ్చును. నూలును, పాలిస్టరును కలిపి నేసిన గుడ్డలను వేఱుచేయుట మిక్కిలి కష్టము. అన్నిటికంటె పెద్దచిక్కు ధూళి. పందొమ్మిదవ శతాబ్దమున యార్కుషైరు కార్మికులకు ఈ ధూళివలన వచ్చు వ్యాధిని 'షాడీజ్వరము' అనిరి. నేటికిని గాలి వెడలు మార్గములు లేని శాలలలో ఊపిరితిత్తులకు హాని కలుగుచున్నది. పాతబట్ట బాగుపడుటకు పనివాని రొమ్ము పాడగుట న్యాయము కాదు. ధూళిని పీల్చివేయు యంత్రములును, ముఖమునకు కప్పులును ఈ పరిశ్రమకు అలంకారములు కావు, అవసరములు.

పాదరక్షల సంగతి మఱింత కఠినము. ఒక్క బూటునందే తోలు, రబ్బరు, గుడ్డ, నురుగు, లోహపుకన్నులు జిగురుతో అంటుకొనియుండును. వానిని యంత్రములో ముక్కలుచేసి, అయస్కాంతముతో ఇనుమును తీసి, గాలివిసురుతో తేలికవానిని బరువైనవానినుండి వేఱుచేయవచ్చును. అట్లు వచ్చిన రబ్బరుపలుకులను ఆటస్థలముల నేలకు వాడుదురు. అమెరికాకు చెందిన నైకీ సంస్థ 1990 తరువాతి దశాబ్దమున ఆటబూట్లతో ఇట్టి పనిని ప్రారంభించెను.

ప్రభుత్వములును మేలుకొనుచున్నవి. పాతబట్టలను ఇతర చెత్తతో కలుపక వేఱుగా సేకరింపవలెనను నియమము ఐరోపా సమాఖ్య దేశములలో 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. ఏలయన, తడిసి మురిగిన బట్ట ఏ యంత్రమునకును పనికిరాదు.

విద్యార్థులారా! ఇందు మనకును కొంత పని కలదు. బట్టను చినిగినచోట కుట్టుకొని వీలైనన్నినాళ్ళు కట్టుకొనుట మొదటిది. విడువదలచినపుడు ఉతికి, ఆరవేసి యిచ్చుట రెండవది. చెప్పులను జతగా కట్టి యిచ్చుట మూడవది. మనము శ్రద్ధతో చేసిన ఈ చిన్నపనివలన, ఎచ్చటనో కత్తిముందు కూర్చుండి మన బట్టలను ఏరు తల్లి చేతికి కొంత శ్రమ తగ్గును.