పరదేశమున ప్రీపెయిడు సెల్‌ఫోను



2002వ సంవత్సరమున నేను తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన కాలమున, హోసూరులోని మా యింటికి వారమున కొకమారు ఫోను చేయుచుంటిని. వీథి చివర నొక ఎస్.టి.డి. బూతు ఉండెడిది. రాత్రివేళ రుసుము తక్కువ గనుక భోజనమైన పిదప పోయి వరుసలో నిలుచుంటిని. ఫోను ప్రక్కన చిన్న పెట్టెలో ఎఱ్ఱని అంకెలు వెలుగుచుండెడివి. మాటాడుచున్న కొలది ఆ అంకెలు పెరుగుచుండెడివి. జేబులో ఇరువది రూపాయలున్న నాడు అంకె పదునెనిమిది కాగానే, "అమ్మా, ఇంక ఉంటాను" అని రిసీవరు పెట్టివేయుచుంటిని. ఎన్నడును నేను అప్పుపడలేదు. అంకె కంటికి కనబడుచుండుటయే దానికి కారణము.

ఫోను మన జేబులోనికి వచ్చిన పిమ్మట ఆ ఎఱ్ఱని అంకెలు మాయమైనవి. స్వదేశమున నున్నంతకాలము వాని లోటు అంతగా తెలియదు. పరదేశమునకు పోయినప్పుడు తెలియును. మన హోసూరు ప్రాంతమునుండి సింగపూరునకును, మలేషియాకును, గల్ఫు దేశములకును పనులకై పోవువారు పెక్కురు కలరు. వారిని చూడబోవు తలిదండ్రులును కలరు. వారి పత్రములు చదివి పెట్టునది తరచుగా ఇంటిలో బడికి పోవు బిడ్డయే. కావున ఈ పాఠము మీకును, మీ ద్వారా మీ పెద్దలకును ఉద్దేశింపబడినది.

సిమ్ కార్డు చేయు పని

సెల్‌ఫోనులోని సిమ్ కార్డును మీరందరును చూచియుందురు. నేడు వాడుకలోనున్న నానో సిమ్ పొడవు 12.3 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8 మిల్లీమీటర్లు. అంత చిన్న ముక్కలో ఆ చందాదారుని గుర్తించు 15 అంకెల సంఖ్య యొకటి దాగియున్నది. ఇది మనము ఒకరి కొకరము చెప్పుకొను ఫోను నంబరు కాదు, వేఱు. దాని మొదటి మూడంకెలు దేశమును తెలుపును. 404, 405 అనునవి భారతదేశమునకు చెందినవి. 525 సింగపూరునకు చెందినది.

మన సిమ్‌తో నున్న ఫోనును సింగపూరులో వెలిగించితిమనుకొందము. అచ్చటి టవరు ఆ సంఖ్యను చూచి, "ఇది భారతదేశపు కార్డు" అని గ్రహించును. పిదప మన దేశపు కంపెనీని, "ఈతడు మీవాడేనా? సేవ లందింపవచ్చునా?" అని అడుగును. కంపెనీ సమ్మతించినయెడల ఫోను పనిచేయును. దీనినే రోమింగు అందురు. చందాదారుడు బయలుదేరుటకు ముందే రోమింగు కోరియుండనిచో కంపెనీ సమ్మతింపకపోవచ్చును. అప్పుడు ఫోను మూగవోవును.

రోమింగులో నింకొక విశేషము కలదు. అత్తవారింటికి పోయిన వానికి వచ్చిన ఉత్తరమును తపాలావారు మరల ఆ యూరికి పంపుదురు గదా! అట్లే రోమింగులో నున్న మీ భారతదేశపు నంబరునకు సింగపూరులోనే యున్న మిత్రుడు ఫోను చేసినను, ఆ పిలుపు మన దేశమునకు వచ్చి మరల సింగపూరునకు పోవును. ఆ రెండవ ప్రయాణపు ఖర్చు పిలుపు అందుకొన్న వానిపై పడును. కావుననే, రోమింగు ప్యాకు లేనియెడల, ఎత్తిన ఫోనునకు కూడ రుసుము చెల్లింపవలసి వచ్చును.

ఇంటర్నెట్టు సంగతి మరింత జాగ్రత్తగా తెలిసికొనవలెను. లెక్క కొఱకు, ప్యాకు లేనప్పుడు ఒక ఎం.బి.కి 5 రూపాయలని అనుకొందము. ఎవరో పంపిన 40 ఎం.బి. వీడియో తనంతట తానే ఫోనులో దిగినయెడల 200 రూపాయలగును. అట్టివి పది దిగినచో 2,000 రూపాయలు. ఇవి లెక్కకై నేను కల్పించిన అంకెలే గాని, లెక్క నడచు తీరు మాత్రము నిజము. యజమాని నిద్రించుచున్నను ఫోను నిద్రింపదు. ఎఱ్ఱని అంకెలు లేవు గనుక ఎవరికిని తెలియదు.

రెండవ మార్గము, చేరిన దేశముననే ప్రీపెయిడు సిమ్ కొనుట. ప్రీపెయిడు అనగా ముందుగా సొమ్ము చెల్లించుట. ఎంత చెల్లించితిమో అంతవరకే వాడుక. సొమ్ము తీరగానే సేవ ఆగును, అప్పు పెరుగదు. బూతులో నా జేబులోని ఇరువది రూపాయల వంటిదే ఇది.

మా అనుభవము

2023వ సంవత్సరము మే నెలలో నేనును మా అక్కయ్యయు సింగపూరునకు పోవలసి వచ్చెను. అచ్చట ఓడల కర్మాగారమున పనిచేయుచున్న ఆమె కుమారుడు జారిపడగా కాలియెముక విరిగెను. శస్త్రచికిత్స నిశ్చయింపబడెను. మేము బెంగుళూరులో విమానమెక్కి చంగీ విమానాశ్రయమున దిగితిమి. అబ్బాయి మిత్రుడు వచ్చి మమ్ము కలిసికొనవలసియుండెను, కాని కనబడలేదు. అక్కయ్య తన కీప్యాడు ఫోనును వెలిగించెను. నెట్‌వర్కు లేదు. అది రెండవ తరపు ఫోను. సింగపూరులో రెండవ తరపు సేవలు 2017 ఏప్రిల్ నెలలోనే ఆగిపోయినవి. నా ఫోను కొత్తదే గాని, నేను రోమింగు కోరియుండలేదు. రెండు ఫోనులు చేతనుండియు మేము మూగవారమైతిమి.

"వాని గొంతు ఒక్కసారి వినిపించురా, చాలు" అని అక్కయ్య నన్ను తొందరపెట్టెను.

సమీపముననే సిమ్ కార్డులమ్ము కౌంటరు కనబడెను. సింగపూరునకు అధికార భాషలు నాలుగు: మలయ్, చీనా, తమిళము, ఆంగ్లము. కౌంటరులోని యువతి తమిళమున మాటాడెను. మన బడిలో మీరు "ఇది కూడ ఏల చదువవలెను?" అని విసుగుకొను ఆ తమిళమే నాకు అక్కరకు వచ్చెను. ఆమె నా పాస్‌పోర్టును నమోదు చేసికొని సిమ్ ఇచ్చెను. నేను నా భారతదేశపు సిమ్‌ను కాగితమున మడిచి పాస్‌పోర్టులో పెట్టుకొంటిని. వెంటనే అబ్బాయితో మాటాడితిమి. అతని మిత్రుడు వేఱొక టెర్మినలులో మాకొఱకు వేచియున్నాడని తెలిసెను. అక్కయ్య కన్నులు తుడుచుకొనెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. తప్పు నేను చేసినది తరువాత. కార్డు కవరుపై నిమిషములు విస్తారముగా వ్రాసియుండుటచూచి, క్రింది చిన్న అక్షరములను నేను చదువలేదు. ఆ నిమిషములు సింగపూరు లోపలి పిలుపులకు మాత్రమే. భారతదేశమునకు చేయు పిలుపులకు వేఱుగా నిలువ నుండి సొమ్ము తెగును. అక్కయ్య రెండు దినములు బంధువులందరితోను మాటాడెను. మూడవనాడు శస్త్రచికిత్స. అది క్షేమముగా ముగిసెనని సాయంకాలము వైద్యులు చెప్పగానే మా అమ్మకు ఫోను చేయబోతిని. నిలువలో సొమ్ము లేదు.

ఆన్‌లైనులో రీఛార్జి చేయుదమని నా బ్యాంకు కార్డును వాడితిని. బ్యాంకువారు ఓ.టి.పి. నంపిరి. ఎచ్చటికి? నా భారతదేశపు నంబరునకు. ఆ సిమ్ పాస్‌పోర్టులో, కాగితపు మడతలో నున్నది! అమ్మ వద్ద నున్నది కీప్యాడు ఫోను, వాట్సాపు లేదు. పొరుగింటివారి వాట్సాపునకు వార్త పంపవచ్చునను ఆలోచన ఆ తొందరలో నాకు తోచలేదు. తెలియని వీథులలో అంగడి వెదకి, పది డాలర్లు చెల్లించి, అమ్మతో మాటాడునప్పటికి అచ్చట రాత్రి పదకొండున్నర, హోసూరులో తొమ్మిది గంటలు. శుభవార్త మా చేతనుండగనే ఆమె సాయంకాలమునుండి అన్నము ముట్టక కూర్చుండెను. పది డాలర్ల కన్న నాకు అదియే పెద్ద నష్టముగా తోచినది.

కొనుటకు ముందు చూడవలసినవి

ఆ రాత్రి నేర్చిన పాఠమును మీకు వరుసగా చెప్పుచున్నాను.

1. ఫోను ఆ దేశమున పనిచేయునా? సింగపూరులో మూడవ తరపు సేవలును 2024లో ముగిసినవి. నాలుగవ తరపు ఫోనైనను ఉండవలెను. కొన్ని ఫోనులు ఒకే కంపెనీ సిమ్‌తో పనిచేయునట్లు బంధింపబడియుండును. 2017లో మన దేశమున వచ్చిన జియోఫోను అట్టిది. బయలుదేరుటకు ముందే ఇంటివద్ద వేఱొక కంపెనీ సిమ్ పెట్టి పరీక్షింపవచ్చును.

2. పాస్‌పోర్టు చేతనుండవలెను. సింగపూరులో ప్రీపెయిడు సిమ్‌ను కొనువాని పేర నమోదు చేయుదురు. ఒకరి పేర మూడింటికి మించి ఇయ్యరు. మీ పేర కొన్న కార్డును తెలియనివారి కెన్నడును ఇయ్యరాదు. దానితో నెవరైన నేరము చేసినయెడల విచారణ మీ గడపకే వచ్చును.

3. కవరుపై నాలుగు సంగతులు వెదకవలెను: ఎన్ని దినముల గడువు, ఎంత ఇంటర్నెట్టు, లోపలి పిలుపుల కెన్ని నిమిషములు, మన దేశమునకు పిలుపు ధర యెంత. నాలుగవది కనబడనిచో అడిగి తెలిసికొనవలెను. నిలువను చూచుకొను విధమును కూడ అప్పుడే అడుగవలెను. ఆ నిలువయే మన ఎఱ్ఱని అంకె.

4. కౌంటరు విడుచుటకు ముందే ఒక ఫోను చేసి చూడవలెను.

5. భారతదేశపు సిమ్‌ను పారవేయరాదు. రెండు సిమ్‌ల ఫోనులో దానిని రెండవ స్థానమున నుంచి, దాని డేటా రోమింగును ఆపివేయవలెను. రోమింగులో బ్యాంకు సందేశము లందునా యని బయలుదేరుటకు ముందే కంపెనీని అడుగవలెను. దాని రీఛార్జి గడువును చూచుకొనవలెను. 90 దినములు ఏ వాడుకయు లేక, ఖాతాలో 20 రూపాయలైనను నిలువ లేని ప్రీపెయిడు నంబరు రద్దు కావచ్చును.

6. కొన్ని కార్డులకు పిన్ అను రహస్య సంఖ్య యుండును. మూడుమార్లు తప్పుగా కొట్టినచో కార్డు మూతపడును. దానిని తెఱచునది పి.యు.కె. యను 8 అంకెల సంఖ్య. అదియు పదిమార్లు తప్పినచో ఆ కార్డు ఇక పనికిరాదు. కావున సిమ్‌తో వచ్చిన ప్లాస్టిక్ అట్టను భద్రపరుపవలెను.

7. నేడు కొన్ని ఫోనులలో ఈ-సిమ్ అనునది కలదు. కార్డు పెట్టనక్కరలేదు, క్యూ.ఆర్. కోడు చూపి దింపుకొందురు. మన సిమ్‌ను తీయు పనియు ఉండదు. అయినను పైన చెప్పిన నాలుగు సంగతులు దానికిని వర్తించును.

నంబరు కొట్టు విధము

పరదేశమునుండి మన దేశపు సెల్‌ఫోనునకు చేయునప్పుడు +91 కొట్టి, పిదప పది అంకెల నంబరు కొట్టవలెను. ల్యాండులైనునకైనచో ఊరి కోడులోని మొదటి సున్నను విడువవలెను. హోసూరు కోడు 04344 గనుక +91 4344 అని కొట్టి నంబరు చేర్చవలెను. ఇచ్చటినుండి సింగపూరునకైనచో +65 కొట్టి అచ్చటి ఎనిమిది అంకెలు కొట్టవలెను. సింగపూరులో పోలీసులకు 999, ఆంబులెన్సునకును అగ్నిమాపక దళమునకును 995. అచ్చటి గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందుండును.

ఒక్క విషయము మఱవరాదు. నంబరులన్నియు ఫోనులోనే యుండి, ఫోను పోయినచో ఏమి గతి? ఇంటి నంబరును, చేరవలసిన వారి నంబరును ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి ప్రయాణికుల చేతి సంచిలో నుంచుడు. ఆ కాగితము వ్రాయుట మీ పని.

తలిదండ్రులకు మనవి

మీ బిడ్డ చేత ఇట్టి కవరుల నొకటి రెండు చదివించుడు. ఇంగ్లీషులోనున్న చిన్న అక్షరములను బిడ్డ తెలుగున మీకు వివరించి చెప్పగలిగిననాడు, ఆ బిడ్డకు అర్థమైనదని నమ్మవచ్చును. చెప్పలేకపోయిన నాడు సొమ్ము చెల్లింపక మరల అడుగుడు. నేను ఉపాధ్యాయుడనై యుండియు ఆ చిన్న అక్షరములను చదువక నష్టపోతిని. నా అక్కయ్యకు అక్షరములు రావు గనుక నన్ను నమ్మెను. చదువు వచ్చినవాడు ఇంటిలో నుండుట చాలదు. వాడు చదువవలెను.

అభ్యాసము

1. సింగపూరులో ఉదయము 7 గంటలైనప్పుడు హోసూరులో గంట యెంత?
2. రోమింగులో నున్నవాడు పిలుపు అందుకొన్నను రుసుము చెల్లింపవలసి వచ్చుటకు కారణమేమి?
3. మీ యింటిలోని ఫోను ఏ తరమునకు చెందినదో తెలిసికొని వ్రాయుడు.
4. ఒక కార్డు ధర 15 డాలర్లు, గడువు 10 దినములు. వేఱొక దాని ధర 30 డాలర్లు, గడువు 28 దినములు. పండ్రెండు దినములుండు ప్రయాణికుడు ఏది కొనవలెను? ధర, గడువు కాక మఱేమి అడిగి తెలిసికొన్న పిదప నిర్ణయింపవలెను?