పేర్ల వరుస తప్పే చోట

చిరంజీవి కరుణకు తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బైబిలు మొదటినుంచి వరుసగా చదువుకుంటూ వచ్చి దినవృత్తాంతాల మొదటి గ్రంథం దగ్గర చతికిలబడ్డానన్నావు. తొమ్మిది అధ్యాయాల నిండా నోరు తిరగని పేర్లే ఉంటే ఎవరికైనా కునుకు వస్తుంది. కానీ నిన్ను నిజంగా బాధపెడుతున్నది ఆ కునుకు కాదని నీ రెండో పేజీ చూస్తే తెలిసింది. "ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాతే మనిషిని లోపలికి రమ్మనాలో వద్దో తేల్చుకునేవాళ్ల మధ్య పెరిగాం కదా తాతయ్యా, దేవుడి గ్రంథంలో కూడా ఎవరు ఎవరి కొడుకన్న గొడవేనా?" అని అడిగావు. దాటవేయదగ్గ ప్రశ్న కాదు. నాకు తెలిసినంత చెబుతాను.

ప్రాచీన ఇశ్రాయేలులో వంశావళి ముందుగా పొలం కాగితం. సంఖ్యాకాండం 26లో జనాన్ని లెక్కపెట్టి, ఆ లెక్కనే భూమి పంచాలన్నారు. అప్పులపాలై పొలం అమ్ముకున్నా యాభయ్యో ఏట అది మళ్లీ ఆ కుటుంబానికే చేరాలని లేవీయకాండం 25 చెబుతుంది. ఏ కుటుంబానికి? అది తేలాలంటే పేర్లు కావాలి. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉన్న రోజుల్లో, చెరలో ఉన్న యిర్మీయా పినతండ్రి కొడుకు దగ్గర అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. రక్తసంబంధికుడిగా దాన్ని విడిపించే హక్కు అతనిది. పత్రం రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, మట్టికుండలో దాచమన్నాడు. వంశం పేరు చెప్పడమంటే అక్కడ, ఈ నేలలో నాకూ వాటా ఉందని చెప్పడం.

ఇక ఆ వాటా అడిగిన అయిదుగురు అక్కచెల్లెళ్లను చూడు. మనష్షే గోత్రంవాడు సెలోపెహాదు కొడుకులు లేకుండా చనిపోయాడు. అతని కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వీళ్లు ప్రత్యక్షపు గుడారం ఎదుట మోషే ముందు, యాజకుని ముందు, ప్రధానులందరి ముందు నిలబడి, కొడుకు లేనంతమాత్రాన మా నాన్న పేరు వంశంలోంచి ఎందుకు చెరిగిపోవాలని అడిగారు. వాళ్ల మాట న్యాయమని తీర్పు వచ్చింది, చట్టమే మారింది. అయితే తరవాత గోత్రపెద్దలు వచ్చి, వాళ్లు బయటి గోత్రంవాళ్లను చేసుకుంటే పొలం చేజారుతుందని మొరపెట్టుకున్నారు. దాంతో సొంత గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు కూడా పడింది. గెలుపునూ షరతునూ గ్రంథం దాచకుండా రాసుకుంది.

ఈ కథకు ఒక కొసమెరుపు ఉంది. 1910లో సమరయ తవ్వకాల్లో సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం నాటివి. ద్రాక్షారసమూ నూనే ఏ ఏటికి ఎక్కడినుంచి వచ్చాయో రాసుకున్న చిల్లర లెక్కలు. వాటిమీద అబీయెజెరు, హెలెకు, షెకెము, షెమీదా అన్న మనష్షే కుటుంబాల పేర్లు ప్రాంతాల పేర్లుగా కనిపిస్తాయి. వాటి పక్కనే నోయా ఉంది, హొగ్లా ఉంది. మనం ఆడపిల్లల పేర్లుగా చదివి దాటేసినవి రాజుగారి గుమాస్తాకు సరుకు పంపే తాలూకాలన్నమాట. వంశావళిలో ఒక్కో పేరు వెనుక మనిషి ఉండవచ్చు, ఊరు ఉండవచ్చు, కొన్నిసార్లు రెండూ ఉండవచ్చు.

చదివే పద్ధతి కూడా కొంచెం చెబుతాను. ఈ పట్టికలు రెండు రకాలు. తండ్రి, కొడుకు, మనవడు అంటూ నిలువుగా దిగేది చివరి మనిషి హక్కును నిలబెట్టడానికి. యాజకుడికీ రాజుకూ అలాంటివి ఉంటాయి. అన్నదమ్ములుగా అడ్డంగా పరుచుకునేది జనాలకు మధ్య చుట్టరికం చెప్పడానికి. రెండింటిలోనూ మధ్యలో తరాలు వదిలేయడం మామూలే. ఎజ్రా 7లో ఎజ్రా వంశాన్ని దినవృత్తాంతాలు మొదటి గ్రంథం 6తో పోల్చి చూడు, ఒకేచోట ఆరు పేర్లు లేవు. అహరోను వంశంవాడని చెప్పడమే ఆ రాత పని, ఆ పని మిగిలిన పేర్లతోనే అయిపోయింది. ఆర్మా ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ ఆదికాండంలోని వయసులు కూడి, రాజుల కాలాలు కలిపి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని 1650లో ప్రకటించాడు. మహా పండితుడే. కానీ షేతు పుట్టేనాటికి ఆదాముకు హెబ్రీ ప్రతిలో 130 ఏళ్లు, పాత గ్రీకు అనువాదంలో 230. పునాదే ఇలా ఉంటే ఆ లెక్క ఎలా నిలుస్తుంది? క్యాలెండరు పనిని ఈ పట్టికలకు అప్పగించకు.

మరి వాటిలో ఏం చూడాలి? వరుస ఎక్కడ తప్పుతుందో చూడు. పైకి చదువు, అప్పుడే అది తెలుస్తుంది. ఆదికాండం 5లో ప్రతి మనిషికీ ఒకటే బాణీ: ఇన్నేళ్లు బతికాడు, ఫలానావాణ్ని కన్నాడు, ఇంకొన్నేళ్లు బతికాడు, చనిపోయాడు. ఏడో తరంలో హనోకు దగ్గరికి వచ్చేసరికి ఆ చివరి మాట రాదు. దేవునితో నడిచాడు, ఆ తర్వాత లేడు, అంతే. ముందు ఆరుసార్లు చావు మాట విన్న చెవికే ఆ లోటు తెలుస్తుంది.

నువ్వు నిద్రపోయిన తొమ్మిది అధ్యాయాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. తండ్రుల పేర్లే నడిచే పట్టికలో యబ్బేజుకు తండ్రి పేరు లేదు, తల్లి మాటా అతని ప్రార్థనా ఉన్నాయి. షేషానుకు కొడుకుల్లేరు, కూతుర్ని తన దాసుడు యర్హాకు ఇచ్చాడు. యర్హా ఐగుప్తువాడు. ఐగుప్తులో దాస్యం చేసిన జనం, ఐగుప్తు దాసుడికి పుట్టిన అత్తయితో మొదలుపెట్టి పదమూడు తరాలు వరుసగా యూదా గోత్రంలోనే రాసుకుంది. షెయెరా అనే ఆవిడ రెండు బేత్‌హోరోనులనూ కట్టించిందన్న మాట ఏడో అధ్యాయంలో ఉంది. నాలుగో అధ్యాయంలో సన్ననార నేసేవాళ్ల ఇల్లు ఉంది, రాజు పనిమీద ఉన్న కుమ్మరులు ఉన్నారు. దావీదు ఉన్న పట్టికలోనే కుమ్మరీ ఉన్నాడు.

నీ ప్రశ్నకు ఎదురొచ్చే పేజీ కూడా ఉంది, దాన్ని దాచను. పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో బబులోను చెరనుంచి తిరిగి వచ్చిన సమాజం 42,360 మంది అని ఎజ్రా 2 చెబుతుంది. అందులో కొన్ని యాజకుల కుటుంబాలు తమ వంశావళి వెదుక్కున్నాయి, దొరకలేదు. వాళ్లను అపవిత్రులని యాజకత్వంనుంచి తీసేశారు. వాళ్లలో ఒకడి పూర్వీకుడు గిలాదువాడైన బర్జిల్లయి కూతుళ్లలో ఒకామెను చేసుకుని ఆ ఇంటిపేరే పెట్టుకున్నాడు. మన ఇల్లరికం లాంటిదే. ఆ బర్జిల్లయి, అబ్షాలోముకు భయపడి పారిపోతున్న దావీదుకు తిండి పెట్టిన పెద్దమనిషి. అంతటి మంచి పేరు కూడా గుడి వాకిట్లో పనికిరాలేదు. ఇక్కడ వంశావళి తలుపు మూసింది. అదే ఎజ్రా గ్రంథం చివరికి వెళితే, పరదేశి భార్యలనూ వాళ్ల పిల్లలనూ పంపించేయడం కనిపిస్తుంది. అది చదివి నీకు మనసు చివుక్కుమంటే, చివుక్కుమననీ.

కానీ అదే ఎజ్రా 2లో తోసేసిన వాళ్లలో హక్కోజు ఇల్లూ ఉంది. నెహెమ్యా 3లో యెరూషలేము గోడ బాగుచేస్తున్నవాళ్లలో హక్కోజు మనవడు, ఊరియా కొడుకు మెరేమోతు కనిపిస్తాడు. ఎజ్రా 8లో గుడి వెండిబంగారాలు తూచి అప్పగించింది యాజకుడైన ఊరియా కొడుకు మెరేమోతు చేతికి. ఇద్దరూ ఒకరే అయితే, ఆ ఇంటికి మళ్లీ చోటు దొరికినట్టే. ఇక రూతు గ్రంథం చివర చూడు. మోయాబువాళ్లు పదో తరమైనా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం 23 అంటుంది. రూతు గ్రంథం పది తరాల పట్టికతో ముగుస్తుంది: మామ యూదా వల్ల కోడలు తామారుకు పుట్టిన పెరెసుతో మొదలై, మోయాబు పిల్ల రూతు కన్న ఓబేదు మీదుగా, పదో పేరు దావీదు. పరదేశి ఆడవాళ్లను పంపించేసినవాళ్లూ ఆ దావీదునే తమ రాజుగా చెప్పుకున్నారు. ఒకే గ్రంథంలో ఒక పట్టిక మూసిన తలుపు దగ్గరికే ఇంకో పట్టిక వచ్చి నిలబడింది.

అందుకే నా జవాబు ఇది. మన ఊళ్లలో ఇంటిపేరు అడిగేవాడు అవతలివాణ్ని ఎక్కడ ఆపాలో తెలుసుకోడానికి అడుగుతాడు. ఈ పట్టికలనూ అలా వాడినవాళ్లు ఉన్నారు. కానీ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టిన చేతులు ఇశ్రాయేలు వంశావళులకంటే ముందు ఆదికాండం 10ని పెట్టాయి. లోకంలో తమకు తెలిసిన జనాలన్నిటినీ నోవహు ముగ్గురు కొడుకుల పిల్లలుగా అందులో రాశారు. ఆ పట్టికలో ఇశ్రాయేలు పేరే లేదు. పగవాళ్లయిన ఎదోముకూ ఒక అధ్యాయం నిండా వంశావళి ఇచ్చారు. మనిషిని మొదట ఒక్కడినే సృష్టించడానికి ఒక కారణం, మా తండ్రి మీ తండ్రికంటే గొప్పవాడని ఎవడూ అనకుండా ఉండడమని ఆ తర్వాతి యూదు గురువులు మిష్నాలో చెప్పుకున్నారు. వంశావళిని చివరిదాకా చదివితే కులగర్వానికి కాలు మోపే చోటు మిగలదు. సగంలో ఆపినవాడికే అది గర్వంగా మారుతుంది.

ఇప్పుడు నీకో పని. దినవృత్తాంతాల మొదటి గ్రంథం మూడో అధ్యాయం తియ్యి. సొలొమోను దగ్గరనుంచి రాజుల పేర్లు పైకి చదువు. యెకొన్యా చెరపట్టబడ్డాడు, ఆ తర్వాత సింహాసనం పోయింది, రాజ్యం పోయింది. కానీ జాబితా ఆగదు. జెరుబ్బాబెలు, అతని కొడుకులు, వాళ్ల సహోదరి షెలోమీతు, ఆ తర్వాతి తరాలు. వాళ్లెవరూ రాజులు కాలేదు. కిరీటం లేని ఆ పేర్లను అంత ఓపికగా ఎవరు రాసి ఉంటారో, ఏం ఆశించి రాసి ఉంటారో ఆలోచించి ఒక పేజీ రాసి పంపు. పుస్తకాలు తిరగేసి రాయొద్దు, నీకు తోచింది రాయి.

నానమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ప్రేమతో,
మీ తాతయ్య