లో బీపీ ఉన్నవారి భోజనం



రక్తపోటు 90/60 కన్నా తగ్గితే లో బీపీ అంటాము. ఏ బాధా లేకపోతే ఆ అంకెను చూసి భయపడనక్కరలేదు. కాని లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే అశ్రద్ధ చేయరాదు. పెద్దవయసువారు అలా తూలిపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదముంది.

కడుపునిండా ఒకేసారి అన్నం తింటే రక్తం ఎక్కువగా పేగులకు చేరుతుంది. అందువల్ల కొందరు వృద్ధులకు భోజనమైన గంట, రెండు గంటలలో బీపీ పడిపోతుంది. వారికి అదే భోజనాన్ని కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టండి. అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచండి. మంచినీళ్ళు, మజ్జిగ తరచుగా ఇవ్వండి. రక్తహీనత వల్ల కూడా బీపీ తగ్గవచ్చు. కనుక ఆకుకూరలు, గుడ్లు, చేపలు, పాలు ఉండాలి. మద్యం బీపీని మరింత దించుతుంది.

"లో బీపీకి ఉప్పు తింటే చాలు" అని చాలామంది అంటారు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి అది హాని. వారు నీళ్ళు, ఉప్పు డాక్టరు చెప్పినంతే తీసుకోవాలి. మందుల వల్ల బీపీ తగ్గిందనిపిస్తే వాటిని సొంతంగా మానక డాక్టరుకు చెప్పండి. స్పృహ తప్పితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంకొక మాట. శ్రీసభ చట్టం ప్రకారం 59 ఏళ్ళు నిండినవారికి ఒక్కపొద్దు విధి కాదు. జబ్బుపడినవారికీ మినహాయింపు ఉంది. మీ ఇంటి అమ్మమ్మ, తాతయ్యలకు ఈ సంగతి చెప్పి, విభూతి బుధవారం నాడైనా వేళకు భోజనం పెట్టండి.