చేప చావకముందే జన్యువు చెబుతుంది

వంశధార నదిపై గొట్టా బ్యారేజీ కింద శ్రీకాకుళం జిల్లా వరి పొలాలు పండుతున్నాయి. పొలంలో చల్లిన పురుగుమందు వానకు కొట్టుకుపోతే చేరేది చెరువులకూ ఏటికీ. చేపలు చచ్చి తేలితేనే ప్రమాదమనుకోవడం పొరపాటు. చంపని మోతాదైనా నెలల తరబడి తగిలితే, డీఎన్‌ఏ వరుస మారకపోయినా ఏ జన్యువు ఎంత పనిచేయాలన్నది మారిపోతుంది. కాలేయంలో విషాన్ని విరిచే సైటోక్రోమ్ పి450 జన్యువులు చురుకవుతాయి. ఈస్ట్రోజెన్‌ను పోలిన మందులైతే మగచేపలో సైతం గుడ్డు పచ్చసొనకు మూలమైన విటెల్లోజెనిన్ తయారవుతుంది.  జన్యువుల పనిలో ఈ మార్పు శరీరం సర్దుకోవడమే కదా అనవచ్చు. కొద్దిరోజులకైతే నిజమే, ఎడతెగక సాగితే ఎదుగుదలకూ సంతానానికీ దక్కాల్సిన శక్తి విషంతో పోరుకే ఖర్చవుతుంది. ఏటి ప్రవాహం మందును పలుచన చేస్తుందన్న వాదన, కొవ్వులో పేరుకునే ఎండోసల్ఫాన్ వంటి వాటి దగ్గర నిలవదు. దాన్ని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. అదే ఏడాది, చిరకాలం నిలిచే సేంద్రియ కాలుష్యకాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోనూ చేర్చారు. నీరు పలుచన చేసినా చేప ఒంట్లో విషం ఆనవాలు మిగులుతుంది కనుక, జిల్లాలోని నాగావళి, వంశధార నదుల్లో నీటి నమూనాతోపాటు చేప కాలేయాన్నీ పరీక్షించాలి.