వీడియో తెర – చిత్రకారుని కుంచె

ఓరుగల్లు సీమ కళలకు నెలవు. పెంబర్తి లోహకళ, చేర్యాల నకాషి చిత్రకళ ఈ నేల ప్రతిభకు నిదర్శనాలు. ఈ విద్యలు ప్రధానంగా గ్రంథాల ద్వారా వ్యాపించినవి కావు. తండ్రి చేతి కదలికను కుమారుడు, అత్త చేతి ఒడుపును కోడలు చూసి నేర్చుకోవడం వల్ల ఇవి తరతరాలుగా నిలిచాయి. చూసి నేర్చుకొనే ఆ ప్రాచీన పద్ధతికి నేడు వీడియో ఒక నూతన సాధనమైంది.

చేర్యాల పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వల్ల సిద్దిపేట జిల్లాలో చేరింది. ఇక్కడి నకాషి చిత్రకారులు పొడవైన వస్త్రంపై కులపురాణాలను వరుస బొమ్మలుగా చిత్రించేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని ఈ పటాల సాయంతో వినిపించేవారు. కథ సాగేకొద్దీ పటం చుట్ట విప్పుకొనేది. చలనచిత్రాలు లేని కాలంలో పల్లె ప్రజలకు అదే వెండితెర.

ఈ పటం తయారీ ఎంతో ఓర్పుతో కూడిన పని. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురులతో పూత పూస్తారు. పూత ఆరిన తరువాత రేఖలు గీసి, నేపథ్యానికి ఎర్రరంగు నింపుతారు. అనంతరం ముఖాలకు, వస్త్రాలకు, ఆభరణాలకు రంగులద్దుతారు.

సినిమా, టెలివిజన్ విస్తరించడంతో పటం కథలకు ఆదరణ సన్నగిల్లింది. కథకుడు లేనప్పుడు పటంతో పని ఏమున్నది? చిత్రకారులు చిన్న పటాలు, ముఖాలు, బొమ్మలు చేసి జీవనోపాధిని నిలుపుకొన్నారు. ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినా, దీనిని వృత్తిగా స్వీకరించిన కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. కొత్త చేతులు రాకపోతే ఏ కళకైనా భవిష్యత్తు ఉండదు.

2005లో యూట్యూబ్ ప్రారంభమైంది. 2016 తరువాత మొబైల్ ఇంటర్నెట్ చౌక కావడంతో మన దేశంలో పల్లెలకూ వీడియోలు చేరువయ్యాయి. 2020లో కరోనా వల్ల మేళాలు, ప్రదర్శనలు నిలిచిపోయినప్పుడు దేశంలోని పలువురు హస్తకళాకారులు ఇంటర్నెట్ ద్వారా బోధనకు, అమ్మకాలకు పూనుకొన్నారు. హనుమకొండలోని వసతిగృహంలో ఉండే విద్యార్థి సైతం నేడు నిపుణుని చేతిని దగ్గరగా చూడగలడు. అర్థం కానిచోట ఆపి, మరల మరల చూసుకోవచ్చు. కుటుంబాలకే పరిమితమైన విద్య ఆసక్తి గల వారందరికీ అందడం ఇందులోని గొప్ప మేలు.

అయితే వీడియో గురువు చేతిని శిష్యునికి చూపుతుందే గాని, శిష్యుని చేతిని గురువుకు చూపదు. అంబలి ఎంత చిక్కగా ఉండాలో వేళ్లకే తెలియాలి. పూత మందమైతే పటం పగులుతుంది. గీత వణికితే ముఖంలోని భావం మారుతుంది. ఆ లోపాన్ని గుర్తించి సరిదిద్దే కన్ను అవసరం. కనుక ఒకసారి చూసినదాన్ని పదిసార్లు గీయాలి. గీసినదాన్ని తెలిసినవారికి చూపాలి. వీలైతే చేర్యాలకు వెళ్లి పని జరిగే తీరును గమనించాలి. క్రమబద్ధమైన శిక్షణ కోరేవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం వంటి సంస్థలున్నాయి.

కళను జీవనోపాధిగా ఎంచుకొనేవారు మరొక విషయాన్నీ గ్రహించాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం పొందడానికి 1,000 మంది చందాదారులతో పాటు, 12 నెలలలో 4,000 గంటల వీక్షణ లేదా చిన్న వీడియోలకు 90 రోజులలో కోటి వీక్షణలు ఉండాలి. అది నెరవేరినా ఆదాయం నిలకడగా ఉండదు. పుస్తకాలకు బొమ్మలు వేయడం, కోరినవారికి చిత్రాలు గీసి ఇవ్వడం, పిల్లలకు నేర్పడం వంటి పనులే కళాకారునికి ఆధారం. వీడియో అతని పనితనాన్ని దూరప్రాంతాల వారికి పరిచయం చేసే అంగడి ముంగిలి వంటిది.

నేర్చినవారికి బాధ్యత కూడా ఉన్నది. నకాషి చిత్రాన్ని యంత్రంపై అచ్చువేసి చేర్యాల పటమని అమ్మితే, ఆ కళను కాపాడిన కుటుంబాల కూటికే ఎసరు వస్తుంది. విద్య ఎవరి నుండి లభించినదో చెప్పడం, అనుకరణను అసలుగా చూపకపోవడం కళాకారుని కనీస ధర్మం.

కథకుని పటమైనా, చరవాణి తెర అయినా చూపేది దారిని మాత్రమే. ఆ దారిలో నడవవలసినది నేర్చుకొనేవాని చేయి.