దైవసాయుజ్యము: క్రైస్తవ సంప్రదాయములలోని మతభేదములు

ముక్తి నొందిన జీవుడు దేవుడే యగునా, లేక దేవుని సన్నిధిని సేవకుడుగా నిలుచునా? ఈ విచారము శ్రీకాకుళ సీమకు చిరపరిచితము. శ్రీమధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు శ్రీకూర్మమున యోగానంద నరసింహాలయమును నిర్మించినట్లు క్రీ.శ. 1281 నాటి శాసనము తెలుపుచున్నది. మోక్షమునందును జీవేశ్వరభేదము తొలగదని వారి సిద్ధాంతము. ఉద్దాన సీమలో మందస వాసుదేవాలయము నెలవైన విశిష్టాద్వైతమున జీవుడు పరమాత్మకు శరీరభూతుడు, శేషుడు. అద్వైతమున భేదమే అవిద్యాకల్పితము.

ఈ ప్రశ్నకే క్రైస్తవులును పలు సమాధానములు చెప్పిరి. విశ్వాసులు దైవస్వభావమున పాలివారగుదురను భావము పేతురు రెండవ పత్రికలో కలదు. నాల్గవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనేసియస్, మానవుని దివ్యత్వమునకు చేర్చుటయే దేవుడు నరుడగుటకు ప్రయోజనమని బోధించెను. గ్రీకు, రష్యా దేశముల ప్రాచ్యసంఘము దీనిని "థియోసిస్" అనును.

అట్లైనచో దేవుడొక్కడే యను మాటకు భంగము రాదా? ఆథోస్ పర్వతమున తపస్సు చేసిన గ్రెగరీ పలామాస్ 14వ శతాబ్దిలో దీనికి సమాధానము చెప్పెను. దేవుని స్వరూపము ఎవరికిని అందరానిది. ఆయన శక్తులు మాత్రము భక్తుని యందు వ్యాపించును. 1351లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఈ మతమును ఆమోదించెను.

నౌపడ మడులలో పండిన ఉప్పు నీట కరగినచో దాని రూపము వేరుగా కానరాదు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు చూపిన దృష్టాంత మిట్టిదే. ప్రాచ్య క్రైస్తవులకు ప్రియమైన దృష్టాంతము వేరు. కొలిమిలోని యినుము ఎఱ్ఱనై నిప్పు యొక్క వేడిని, వెలుగును పొందును. అయినను ఇనుముగనే యుండును.

పాశ్చాత్య సంఘమున 1274లో పరమపదించిన థామస్ అక్వినాస్, దైవానుగ్రహమే దివ్యస్వభావమున భాగమనియు, దేవుని సాక్షాత్కారమే పరమానందమనియు నిరూపించెను. ఐక్యమును ఇంకను తీవ్రముగా చెప్పిన జర్మను గురువు ఎక్‌హార్ట్ వాక్యములు కొన్నింటిని 1329లో పోపు 22వ జాన్ తప్పుపట్టెను. మానవుడు పూర్తిగా దేవుడుగా మారునను వాక్యము వానిలో నొకటి.

పదునారవ శతాబ్దిలో లూథరు మొదలగువారు విశ్వాసముచే లభించు నీతికి ప్రాధాన్యమిచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ సీమకు వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు ఆ ధోరణికి చెందినవారే. టెక్కలి వారి కేంద్రములలో నొకటి. వీరికి ఐక్యమనగా క్రీస్తుతో సహవాసము, దేవుడగుట కాదు. అయినను విశ్వాసమునందు క్రీస్తే నెలకొనియుండునని లూథరు చెప్పెననియు, అది థియోసిస్‌కు చేరువ యనియు ఇరువదవ శతాబ్దిలో ఫిన్లండు పండితుడు మన్నెర్మా వాదించెను.

"ఐక్యము" అను మాట వినినంతనే ఇది అద్వైతమే యనుకొనరాదు. అద్వైతమున బ్రహ్మత్వము జీవునికి స్వతస్సిద్ధము, తెలిసికొనుటయే కొఱత. థియోసిస్ కేవలము అనుగ్రహలబ్ధము. భేదము నిలుచుటలో అది మధ్వ, రామానుజ మతములకు దగ్గరయైనను, అచట జీవుడు అనాది. క్రైస్తవమున దేవునిచే సృష్టింపబడినవాడు.

భేదము పూర్తిగా నశించినచో ప్రార్థించువాడెవడు? భేదము దాటరానిదైనచో కృపకు బలమేమి? ఈ రెండు చిక్కుల నడుమ త్రోవ వెదకుటయే ఈ వాదములన్నింటి సారము. పరమతమును దాని మాటలలోనే గ్రహించువానికి స్వమతమును మఱింత స్పష్టముగా గోచరించును.